కుజుడి మీద చిక్కుపడిన పోగు

మీరు కుజగ్రహానికి ప్రయాణం కట్టదలిస్తే ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. అక్కడికి దారి ఎప్పుడు పడితే అప్పుడు తెరిచి ఉండదు. భూమీ, కుజుడూ సూర్యుడి చుట్టూ వేరువేరు వేగాలతో తిరుగుతూ, సుమారు 26 మాసాలకు ఒకసారి మాత్రమే ప్రయాణానికి అనువుగా అమరుతాయి. ఆ అదను తప్పిందా, మళ్ళీ రెండేళ్ళకు పైగా కాచుకుని కూర్చోవాలి.

1996 చివర అలాటి అదను వచ్చింది. ఆ సంవత్సరం డిసెంబరు 4వ తేదీన అమెరికాలో ఫ్లోరిడా తీరాన ఉన్న కేప్ కెనావరల్ నుంచి డెల్టా రాకెట్టు మీద ఒక నౌక బయలుదేరింది. దాని పేరు మార్స్ పాత్‌ఫైండర్, అంటే కుజుడికి బాట వేసేది. దాన్ని తయారుచేసినవారు కాలిఫోర్నియాలో పాసడీనా నగరంలో ఉన్న జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ వారు. మనం ఆ నౌక వెంట పోదాం. అది మనకు రెండు ఊళ్ళు చూపిస్తుంది. ఒకటి కుజుడి మీద రాళ్ళ మైదానం. రెండోది అంతకన్నా వింత అయినది. అది నౌక పొట్టలోనే ఉన్నది, కంటికి కనబడదు.

ప్రయాణం ఏడు మాసాలు. దారిలో చూడటానికి చీకటీ, నక్షత్రాలూ తప్ప ఏమీ లేవు గనక ఆ ఏడు మాసాలూ ఒక్క గంతులో దాటేద్దాం.

1997 జూలై 4వ తేదీ. నౌక కుజుడి గాలిలోకి సెకనుకు 7 కిలోమీటర్లకు పైబడిన వేగంతో దూసుకువచ్చింది. వేడికి మాడిపోకుండా అడుగున ఒక డాలు ఉన్నది. కొంత వేగం తగ్గాక పారాచూట్ విచ్చుకున్నది. నేల దగ్గరపడగానే నౌక చుట్టూ గాలిసంచులు బుస్సున పొంగాయి. ఒక్కొక్క వైపున ఆరేసి చొప్పున, మొత్తం 24 ఉబ్బులు. చూడటానికి పెద్ద ద్రాక్షగుత్తిలాగా ఉంటుంది. చివరిక్షణంలో చిన్న రాకెట్లు మండి వేగాన్ని ఇంకా తగ్గించాయి. తాడు తెగింది. ఆ గుత్తి నేలను తాకి బంతిలాగా ఎగిరింది. ఒకసారి కాదు, కనీసం 15 సార్లు ఎగిరి, దొర్లి దొర్లి ఆగింది.

అప్పుడు అక్కడ తెల్లవారుజామున మూడు గంటల వేళ. చిమ్మచీకటి. తెల్లవారితేగాని ఫోటోలు తీయటానికి లేదు. సంచుల్లో గాలి తీసేసి, రేకులు విప్పుకున్న పువ్వులాగా నౌక తెరుచుకుని, సూర్యుడి కోసం కాచుకున్నది.

తెల్లవారింది. ఇప్పుడు చుట్టూ చూడండి.

ఈ చోటు పేరు ఏరెస్ వాలిస్. గ్రీకులు తమ యుద్ధదేవుణ్ణి ఏరెస్ అనేవారు. వాలిస్ అంటే లాటిన్ భాషలో లోయ. కొన్ని వందల కోట్ల ఏళ్ళ క్రితం ఈ లోయ వెంట బ్రహ్మాండమైన వరద వచ్చింది. ఇప్పుడు గుక్కెడు నీళ్ళు లేవు గాని, ఆ వరద తెచ్చి పారేసిన రాళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎక్కడెక్కడి కొండల రాళ్ళో వరద ఒకచోటికి చేరుస్తుంది గనకనే శాస్త్రజ్ఞులు ఈ చోటును ఎన్నుకున్నారు. అంగట్లో రకరకాల సరుకులు ఒకేచోట దొరికినట్టు, ఇక్కడ రకరకాల రాళ్ళు దొరుకుతాయని వారి ఆశ.

మైదానమంతా తుప్పురంగు దుమ్ము. దూరాన జంటకొండలు. పగలు ఆకాశం నీలంగా ఉండదు; గాలిలో తేలే దుమ్మువల్ల పసుపు కలిసిన గోధుమరంగులో ఉంటుంది. కాని సూర్యాస్తమయం అయేటప్పుడు సూర్యుడి చుట్టూ కాస్త నీలం కనబడుతుంది. మన ఊళ్ళో సంజెకు ఎరుపు, వాళ్ళ ఊళ్ళో సంజెకు నీలం!

రాళ్ళకు శాస్త్రజ్ఞులు ముద్దుపేర్లు పెట్టారు. ఒకదాని పేరు బార్నకిల్ బిల్. ఇంకొకటి స్కూబీ డూ. ఒక పెద్ద రాయి పేరు యోగి. పేరు విని అదేదో తపస్సు చేసుకుంటున్నదని అనుకునేరు. అమెరికాలో పిల్లలు చూసే బొమ్మల సినిమాలో యోగి అనే ఎలుగుబంటి ఒకటి ఉన్నది, దాని పేరు పెట్టారు. అయినా ఆ రాయి కదలకుండా కూర్చున్న తీరు చూస్తే మన అర్థమే బాగా అతుకుతుంది.

చలి మాట చెప్పనక్కరలేదు. మధ్యాహ్నం వేళ కూడా గాలి సున్నకు సుమారు 10 డిగ్రీలు దిగువన ఉంటుంది. తెల్లవారుజామున 75 డిగ్రీలు దిగువకు పోతుంది. ఈ సంగతులు ఎలా తెలిశాయంటే, నౌక మీద ఒక మీటరు ఎత్తు స్తంభం నిలబెట్టి, దానికి మూడు ఎత్తుల్లో ఉష్ణమాపకాలు కట్టారు. గాలివాటం తెలియటానికి మూడు చిన్న గాలిగుడ్డలు కూడా వేలాడదీశారు. కుజుడి మీద మీరు నిలబడితే మోకాళ్ళ దగ్గర ఒక వేడి, తల దగ్గర ఇంకొక వేడి ఉంటుందని ఆ స్తంభం తెలియజేసింది. ఈ స్తంభాన్ని జ్ఞాపకం పెట్టుకోండి. ఇకముందు జరిగే గొడవ అంతా దీని వల్లనే.

నౌకలో నుంచి ఆరు చక్రాల బండి ఒకటి మెల్లిగా దిగింది. పేరు సోజర్నర్. పొడుగు 65 సెంటీమీటర్లు, బరువు పదిన్నర కిలోలు. అది సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున నడుస్తుంది. చీమ దానితో పందెం వేస్తే చీమే గెలుస్తుంది. ఆ బండి 7 రోజులు పనిచేస్తే చాలుననీ, పెద్దనౌక ఒక మాసం బతికితే చాలుననీ లెక్క వేసుకున్నారు. అందుచేత ప్రతి రోజూ బంగారంతో సమానం. పాసడీనాలో శాస్త్రజ్ఞులు కుజుడి రోజు ప్రకారమే లేచి, కుజుడి రోజు ప్రకారమే పడుకునేవారు. కుజుడి రోజు మన రోజుకన్నా 39 నిమిషాల చిల్లర ఎక్కువ. కాబట్టి వాళ్ళ తెల్లవారటం రోజురోజుకూ వెనక్కు జరిగి, కొన్నాళ్ళకు అర్ధరాత్రి పూట తెల్లవారేది.

అంతా బాగానే సాగుతున్నదనుకుంటుండగా వచ్చింది చిక్కు. దిగి కొద్ది రోజులు అయిందో లేదో, నౌకలోని కంప్యూటరు ఉన్నట్టుండి తనంతట తాను ఆగి, మళ్ళీ మొదటినుంచీ పని ప్రారంభించింది. ఒకసారి అయితే ఏదో పొరపాటు అనుకోవచ్చు. కాని అది మళ్ళీ జరిగింది. అంతవరకూ సంపాదించిన ఫోటోలూ, లెక్కలూ పోలేదు గాని, ఆ రోజు చెయ్యవలసిన మిగిలిన పనులన్నీ మర్నాటికి వాయిదా పడ్డాయి. ముప్ఫై రోజుల బతుకులో అలా ఎన్ని రోజులు పారేసుకోగలరు? పత్రికలవాళ్ళు కూడా ఈ సంగతి పట్టుకుని, కంప్యూటరు ఒకేసారి మరీ ఎక్కువ పనులు నెత్తిన వేసుకున్నదని రాశారు.

అసలు సంగతి తెలియాలంటే మనం రెండో ఊరికి పోవాలి. నౌకలో గట్టి పెట్టె ఒకటి ఉన్నది. అందులో ఉన్న కంప్యూటరు జాతి పేరు ఆర్.ఎస్. 6000, రోదసిలోని కిరణాలకు చెడిపోకుండా ప్రత్యేకంగా చేసినది. దాని గడియారం సెకనుకు 2 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. జ్ఞాపకశక్తి 128 మెగాబైట్లు. ఈనాడు మీ ఇంట్లో పెద్దవాళ్ళ జేబులో ఉన్న ఫోను ముందు ఇది పసిగుడ్డు. కాని ఈ పసిగుడ్డే కుజుడి మీద దిగింది.

ఈ ఊళ్ళో అనేకమంది పనివాళ్ళున్నారు. ఒకడు రేడియో చూసుకుంటాడు. ఒకడు కామెరా చూసుకుంటాడు. ఒకడు వాతావరణ స్తంభం చెప్పే లెక్కలు రాసుకుంటాడు. వీళ్ళు నిజంగా మనుషులు కారు. ప్రోగ్రాములోని పనుల వరసలు. ఒక్కొక్క వరస మొదలునుంచి చివరకు దారంలాగా సాగుతుంది గనక ఇప్పటి కంప్యూటర్లలో వీటిని థ్రెడ్లు అంటారు. పాత్‌ఫైండరు వారు టాస్కులు అనేవారు. మనం పోగులు అందాం. మగ్గం మీద పడుగు చూశారు కదా, వందలకొద్దీ పోగులు పక్కపక్కన సాగి అంతా కలిసి ఒకే బట్ట అవుతుంది. నడుస్తున్న ప్రోగ్రాము కూడా అలాటిదే.

ఒక్క తేడా ఉన్నది. ఈ పెట్టెలో పనిచేసే మెదడు ఒక్కటే. ఒక్క క్షణాన ఒక్క పోగు మాత్రమే ముందుకు సాగగలదు. మిగిలినవన్నీ నిలబడి ఉండాలి. ఒక కచేరీలో పాతికమంది ఉద్యోగులకు ఒకే ఒక కలం ఉన్నదనుకోండి. కలం ఎవరి చేతిలో ఉంటే వాడే రాస్తాడు. కలం ఇంకొకడికి ఇచ్చేసేటప్పుడు మొదటివాడు తాను ఏ పద్దులో ఏ వరస దగ్గర ఆపాడో, చేతిలో ఏ అంకెలున్నాయో ఒక చీటీ మీద రాసిపెట్టుకుంటాడు. మళ్ళీ కలం దొరకగానే ఆ చీటీ చూసుకుని, ఆపిన అక్షరం దగ్గరే అందుకుంటాడు. చేతులు మారటం సెకనులో ఎన్నోసార్లు జరుగుతుంది గనక, దూరాన్నుంచి చూసేవారికి అందరూ ఒక్కసారే రాస్తున్నట్టుంటుంది.

మరి కలం ఎవరికి ముందు? హోదాను బట్టి. పెద్ద హోదావాడికి పని తగిలితే చిన్న హోదావాడు వాక్యం మధ్యలో ఉన్నా సరే, కలం ఇచ్చెయ్యవలసిందే. ఈ ఏర్పాటు చూసేది ఆ కంప్యూటరులోని వి.ఎక్స్. వర్క్స్ అనే నిర్వాహక ప్రోగ్రాము. దాన్ని విండ్ రివర్ అనే కంపెనీ తయారుచేసింది.

ఇందులో ముగ్గురి సంగతి మనకు కావాలి. నౌకలోని పరికరాల మధ్య సమాచారం మోసే తీగ ఒకటి ఉన్నది. ఆ తీగ మీద రాకపోకలు సెకనుకు 8 విడతలుగా జరుగుతాయి. మొదటివాడు, అందరికన్నా పెద్దవాడు, రాబోయే విడతకు ఏర్పాట్లు చేస్తాడు. వీణ్ణి ఏర్పాటుదారు అందాం. రెండోవాడు, హోదాలో కాస్త తక్కువవాడు, జరిగిన విడతలో వచ్చిన సమాచారాన్ని ఎవరిది వారికి పంచుతాడు. వీడు పంపిణీదారు. మూడోవాడు మన స్తంభం లెక్కలు రాసుకునే వాతావరణ గుమాస్తా. హోదాలో బాగా కిందివాడు. ఏర్పాటుదారు ప్రతి విడతలోనూ ఒక ప్రశ్న వేస్తాడు: “పంపిణీదారు తన పని ముగించాడా?” ముగించకపోతే ఏదో ఘోరం జరిగిందని నిశ్చయించుకుని, కచేరీ అంతా మూయించి మళ్ళీ తెరిపిస్తాడు. కంప్యూటరు తనంతట తాను ఆగి మొదలుపెట్టటం అంటే ఇదే.

అయితే అంత పెద్ద హోదా ఉన్న పంపిణీదారు తన పని ఎందుకు ముగించలేకపోయాడు? అది కనిపెట్టాలి.

మామూలుగా ఇలాటి చిక్కు విప్పటానికి డీబగ్గర్ అనే ప్రోగ్రాము ఉన్నది. మగ్గం మీద పోగు తెగితే నేతగాడు నేత ఆపుతాడు. వేళ్ళతో పడుగు విడదీసి, తెగిన పోగును పట్టుకుని అతుకుతాడు. డీబగ్గరు చేసేదీ ఇంచుమించు అదే. అలాటివాటిలో పేరుపొందిన జి.డి.బి. అనేదాన్ని 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన రాశాడు. ఈనాటికీ లక్షలమంది దాన్ని వాడుతున్నారు.

అది పోగులను పట్టుకునే ఉపాయం ముచ్చటైనది. మీరు ప్రోగ్రాములో ఫలానాచోట ఆగాలని కోరారనుకోండి. డీబగ్గరు ఆ చోట ఉన్న అసలు ఆజ్ఞను తీసి దాచి, దాని బదులు “ఆగు” అనే ఆజ్ఞను పెడుతుంది. ఇంటెల్ జాతి కంప్యూటర్లలో ఈ ఆజ్ఞ ఒక్క బైటే, అంటే ఒక్క అక్షరమంత. నడిచివచ్చే పోగు ఏదైనా దాని మీద అడుగు పెట్టగానే ఆగిపోతుంది. వెంటనే డీబగ్గరుకు కబురు పోతుంది. అది మిగిలిన పోగులన్నిటినీ కూడా ఎక్కడివాటినక్కడ నిలిపేస్తుంది. ఎందుకంటే, ఒకదాన్ని ఆపి మిగిలినవాటిని వదిలితే, మనం చూస్తూండగానే అవి కచేరీలో పద్దులన్నీ మార్చేస్తాయి. అంతా నిశ్చలమైన తరువాత ఒక్కొక్క పోగు చీటీ తీసి చదువుతుంది: ఎక్కడ ఆగావు, అక్కడికి ఎవరు పంపితే వచ్చావు, వాణ్ణి ఎవరు పంపారు, నీ చేతిలో ఏమున్నది? ప్రోగ్రాము నడుస్తూండగా కొత్త పోగు పుడితే నిర్వాహక ప్రోగ్రాము ఆ కబురు కూడా డీబగ్గరుకు చెబుతుంది; అందుచేత ఏ పోగూ దాని జాబితాలోనుంచి తప్పించుకోలేదు.

ఇంకొక సూక్ష్మం ఉన్నది. ఆగిన పోగు తిరిగి కదలాలంటే “ఆగు” ఆజ్ఞను తీసేసి అసలు ఆజ్ఞను మళ్ళీ పెట్టాలి కదా? ఆ సందులో వేరే పోగు ఏదైనా అటు వస్తే ఆగకుండా జారిపోతుంది! అందుకని డీబగ్గరు మిగిలినవాటిని అలాగే పట్టి ఉంచి, ఈ ఒక్కదాన్ని ఒక్క అడుగు ముందుకు వేయించి, “ఆగు” ఆజ్ఞను మళ్ళీ అక్కడ పెట్టి, అప్పుడు అందరినీ వదులుతుంది. ఒంటరి వాకిట్లో కోడిపిల్లలను లెక్కపెట్టే పిల్లవాడికి ఈ చిక్కు బాగా తెలుస్తుంది.

కాని ఇదంతా బల్ల మీద ఉన్న కంప్యూటరు సంగతి. కుజుడి మీద ఉన్న కంప్యూటరును ఆపేదెలా? అప్పుడు భూమి నుంచి కుజుడికి రేడియో కబురు చేరటానికి 10 నిమిషాలకు పైగా పట్టేది. జవాబు రావటానికి మళ్ళీ అంత. అదీగాక, పోగులను ఆపటమే ఇక్కడ తప్పు. సెకనులో ఎనిమిదో వంతు దాటి ఆలస్యమైతే కచేరీ మూసేసే ఏర్పాటుదారు ఉన్నాడు! ఆపి చూడబోతే చూడవలసింది మాయమవుతుంది. చిక్కంతా ఎవరు ఎప్పుడు కలం అందుకున్నారన్నదాంట్లోనే ఉన్నది గనక, ఆపిన క్షణాన్నే ఆ వరస మారిపోతుంది. కొలనులో చేప నీడను పట్టుకోబోయి నీళ్ళు కదిలించినట్టవుతుంది.

ఇలాటిచోట ఆపకుండా కనిపెట్టే పద్ధతి ఇంకొకటి ఉన్నది. కచేరీ మూలన ఒక లేఖకుణ్ణి కూర్చోబెడతారు. వాడు ఎవరి పనిలోనూ జోక్యం చేసుకోడు. కలం చేతులు మారినప్పుడల్లా, ఎవరైనా తాళంచెవి తీసుకున్నా, ఇచ్చినా, తాళంచెవి కోసం నిలబడినా, వేళతో సహా ఒక్క ముక్క రాసుకుంటాడు. వాడి పలక చిన్నది. నిండిపోతే మొదట రాసినది చెరిపి అక్కడే మళ్ళీ రాస్తాడు. అందుచేత ఎప్పుడు చూసినా ఆఖరున జరిగిన కొంత కథ ఆ పలక మీద ఉంటుంది. చిక్కు వచ్చిన క్షణంలో “ఇక రాయకు” అంటే చాలు. అంతకుముందు ఏం జరిగిందో పలక చూసి తెలుసుకోవచ్చు.

పాత్‌ఫైండరు ప్రోగ్రాములో అలాటి లేఖకుడు ఉన్నాడు. పరీక్షల కోసం పెట్టినవాణ్ణి ప్రయాణానికి ముందు తీసెయ్యలేదు. ఆ ప్రోగ్రాము రాసినవారి నాయకుడు గ్లెన్ రీవ్స్ 1997 డిసెంబరులో ఈ సంగతి వివరిస్తూ, వాణ్ణి మరిచిపోయి వదలలేదనీ, పరీక్షించినదాన్నే ఎగరెయ్యాలి, ఎగరేసేదాన్నే పరీక్షించాలి అన్నది తమ నియమమనీ చెప్పాడు. నన్నడిగితే, ఈ యాత్రలో చేసిన పనులన్నిటిలోకీ తెలివైనది ఇదే. బరువు తగ్గుతుందనో, ఇక అవసరం లేదనో లేఖకుణ్ణి ఇంటికి పంపేసి ఉంటే తరువాతి కథ వేరేగా ఉండేది.

అయితే లేఖకుడి పలకను కుజుడి మీద నుంచి తెప్పించటానికి వీలులేదు. అందులో రాత అంత ఎక్కువ, రేడియో దారి అంత ఇరుకు. కాబట్టి పాసడీనాలో ఇంకొక ఉపాయం చేశారు. అక్కడి ప్రయోగశాలలో ఆ నౌకకు అచ్చమైన జంట ఒకటి ఉన్నది. అదే కంప్యూటరు, అదే ప్రోగ్రాము. కుజుడి మీద ఆ రోజు ఏయే పనులు జరిగాయో సరిగా అవే పనులు దీని చేత పదేపదే చేయించారు. లేఖకుడు రాస్తూనే ఉన్నాడు. గంటలు గడిచాయి. జంటనౌక చక్కగా పనిచేస్తూనే ఉన్నది. చిక్కును వెతికేటప్పుడు అంతా చక్కగా నడవటమంత విసుగు ఇంకొకటి ఉండదు! విండ్ రివర్ కంపెనీకి చెందిన డేవిడ్ విల్నర్ ఆ తరువాత ఒక సభలో చెప్పినదాని ప్రకారం, తెల్లవారుజామున అందరూ ఇళ్ళకు పోయి ఒకే ఒక్క ఇంజనీరు మిగిలి ఉన్న వేళ, జంటనౌక కూడా ఉన్నట్టుండి ఆగి మళ్ళీ మొదలుపెట్టింది. మొత్తం మీద 18 గంటల లోపలే దొంగ దొరికాడు.

పలక తీసి చదివారు. కథ ఇలా ఉన్నది:

కచేరీలో ఒక పెట్టె ఉన్నది. ఒకరు తెరిచి ఉండగా ఇంకొకరు అందులో చెయ్యి పెట్టకుండా దానికి తాళంచెవి ఒక్కటే పెట్టారు. వాతావరణ గుమాస్తా కలం దొరికినప్పుడు తాళంచెవి తీసుకుని పెట్టె తెరిచాడు. వాడి పని రెప్పపాటులో అయిపోయేదే. ఆ రెప్పపాటులోనే మధ్యరకం హోదావాడు ఒకడు వచ్చి, కలం పుచ్చేసుకున్నాడు. గుమాస్తా తాళంచెవి చేతిలో పెట్టుకుని నిలబడిపోయాడు. ఇంతలో పంపిణీదారు వచ్చాడు. పెద్ద హోదా గనక కలం అతనికి దక్కింది. కాని స్తంభం లెక్కలు గుమాస్తాకు అందించాలంటే అతను కూడా ఆ పెట్టే తెరవాలి. తాళంచెవి లేదు! చేసేది లేక కలం కింద పెట్టి కాచుకున్నాడు. తాళంచెవి రావాలంటే గుమాస్తా పని ముగించాలి. గుమాస్తాకు కలం రావాలంటే మధ్యవాళ్ళు వదలాలి. మధ్యవాళ్ళకు ఈ గొడవ ఏమీ తెలియదు. వాళ్ళు తమ పని శ్రద్ధగా చేసుకుంటూనే ఉన్నారు. ఇంతలో విడత గడిచింది. ఏర్పాటుదారు వచ్చి, “పంపిణీ అయిందా?” అన్నాడు. కాలేదు. కచేరీ మూతపడింది.

చూశారా? ఇందులో ఎవరూ తప్పు చెయ్యలేదు. ప్రతివాడూ తనకు చెప్పినట్టే చేశాడు. కాని పెద్దవాడు మధ్యవాళ్ళకన్నా వెనకపడ్డాడు. హోదాలు తలకిందులయ్యాయి. పండితులు దీనికి పెట్టిన పేరు కూడా హోదాల తారుమారు అనే.

ఇదే చిక్కు భూమి మీద పరీక్షల్లో కూడా ఒకసారి కనబడిందట గాని, ఎంత ప్రయత్నించినా మళ్ళీ కనబడలేదు. మరి కుజుడి మీద అన్నిసార్లు ఎందుకు వచ్చింది? అక్కడ రేడియో వాళ్ళు ఆశించినదానికన్నా బాగా పనిచేసింది. కుజుడి నుంచి సమాచారం ఎక్కువగా పంపటానికి వీలు కలిగింది. శాస్త్రజ్ఞులు ఎక్కువ పనులు పెట్టారు. కచేరీలో రద్దీ పెరిగింది. కష్టాలు వస్తే ఎలా అని పరీక్షించారు గాని, ఇంత అదృష్టం పడుతుందని ఎవరూ పరీక్షించలేదు!

విరుగుడు అంతకుముందే తెలిసినది. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన లూయి షా, రాగునాథన్ రాజ్‌కుమార్, జాన్ లెహోక్జీ అనే ముగ్గురు 1990లో ఒక వ్యాసంలో దాన్ని వివరించారు. తాళంచెవి చేతిలో ఉన్న చిన్నవాడి కోసం పెద్దవాడు కాచుకోవలసివస్తే, ఆ కాసేపూ చిన్నవాడికి పెద్దవాడి హోదా ఇచ్చెయ్యాలి. అప్పుడు మధ్యవాడెవడూ వాడి చేతిలో కలం లాక్కోలేడు. వాడు చప్పున పని ముగించి తాళంచెవి ఇచ్చేసి, మళ్ళీ తన పాత హోదాకు పోతాడు. వి.ఎక్స్. వర్క్స్‌లో ఈ ఏర్పాటు ఉన్నది కూడా. ఒక్కొక్క తాళానికి “ఔను” అని పెడితే అది పనిచేస్తుంది, “కాదు” అని పెడితే చెయ్యదు. ఈ ఒక్క తాళానికి “కాదు” అని ఉన్నది, పని కాస్త వేగంగా సాగుతుందని.

“కాదు”ను “ఔను” చెయ్యాలి, అంతే. కాని కోట్ల కిలోమీటర్ల దూరాన, పనిచేస్తున్న యంత్రంలో ఒక్క మాట మార్చటం తమాషా కాదు. ఆ మార్పు ఇంకే తాళాలకు తగులుతుందో, దానివల్ల ఇంకేదైనా నెమ్మదిస్తుందో విండ్ రివర్ వారిని అడిగి తేల్చుకున్నారు. జంటనౌక మీద పెట్టి చూశారు. తరువాత ప్రోగ్రామంతా కాకుండా, పాతదానికీ కొత్తదానికీ ఉన్న తేడాను మాత్రమే రేడియో మీద పంపారు. నౌకలో ఉన్న వేరే ప్రోగ్రాము దాన్ని అందుకుని, సరిచూసుకుని, అతికింది. నేతగాడు అతికిన పోగులాగే, ఆ తరువాత ఎక్కడ తెగిందో కూడా తెలియలేదు.

ఆ చిక్కు మళ్ళీ రాలేదు. వాతావరణ గుమాస్తా తన లెక్కలు రాసుకుంటూపోయాడు. 7 రోజులు బతికితే చాలుననుకున్న బండి సుమారు పన్నెండు వారాలు పనిచేసి, మొత్తం 100 మీటర్ల దాకా తిరిగింది. పెద్దనౌక 16,500 ఫోటోలు పంపింది. 1997 సెప్టెంబరు 27వ తేదీ తరువాత దాని నుంచి సమాచారం రాలేదు.

మీరు ఇప్పుడు ఏరెస్ లోయకు పోయినా నౌక అక్కడే ఉంటుంది. 2006 డిసెంబరులో కుజుడి చుట్టూ తిరిగే వేరే నౌక ఒకటి పైనుంచి ఆ చోటును ఫోటో తీసింది. వరద తెచ్చిన రాళ్ళ మధ్య, విప్పిన రేకులతో, చిన్న చుక్కలాగా అది కనబడింది. కొంత దూరాన అది వదిలేసిన పారాచూట్ పడి ఉన్నది.